కింది పళ్ళ సెట్టు

మా అత్తగారి కింది పళ్ళ సెట్టు సాక్షుల బోనులోంచి ఎగిరి, గుమస్తా బల్ల కిందికి జారిపోయినప్పుడు కోర్టంతా నవ్వింది. నవ్వనివాళ్ళు ముగ్గురే. నేను, చనిపోయిన కటింగ్ మాస్టర్ భార్య, మా ఆయన.

మా ఆయన నవ్వకపోవడంలో వింతేమీ లేదు. కన్నతల్లి పరువు పోతుంటే ఏ కొడుకు నవ్వుతాడు? మోకాళ్ళ మీద కూర్చుని, బల్ల కింద చెయ్యి పెట్టి, దుమ్ము కొట్టుకున్న ఆ గులాబీరంగు దవడను తీసి రుమాలులో చుట్టిందీ ఆయనే. అప్పుడాయన మొహంలో కనిపించింది సిగ్గనుకున్నాను. అది సిగ్గు కాదని తెలియడానికి నాకు ఒక వానాకాలం పట్టింది.

ప్రభుత్వ ప్లీడరు అడిగిన ప్రశ్న చిన్నదే.

"ఆ రోజు కుట్టు హాలు వెనక తలుపుకి తాళం వేసింది ఎవరమ్మా?"

రెడీమేడ్ బట్టల కంపెనీ అది. కుట్టు హాలు మేడ మీద. కింద బట్టల బేళ్ళకు నిప్పంటుకున్నప్పుడు ముందు మెట్లు మంటల్లో ఉన్నాయి, వెనక మెట్ల వైపు తలుపుకు బయట తాళం వేలాడుతోంది. ముగ్గురు ఆడపిల్లలు పోయారు. వాళ్ళను వెతుక్కుంటూ పొగలోకి వెళ్ళిన కటింగ్ మాస్టరూ పోయాడు. తాళం మాస్టరే వేశాడని ఓనరు అన్నాడు. కంపెనీ తాళాలన్నీ చూసుకునే స్టోర్ కీపరు మా ఆయన. "మాస్టర్ అడిగితే తాళంచెవి ఇచ్చాను" అని పోలీసుల దగ్గర చెప్పాడు. చచ్చినవాడు లేచొచ్చి కాదనడు కదా.

అత్తగారిది అదే కంపెనీలో చెకింగ్ పని. కుట్టిన బట్టల్లో తప్పులు పట్టడం. ఆవిడ బల్ల వెనక మెట్ల కిందే ఉండేది. తాళం వెయ్యడానికి మెట్లెక్కినవాడెవడైనా ఆవిడ ముందు నుంచే వెళ్ళాలి. అందుకే ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషి ఆవిడొక్కతే.

చెప్పడానికి నోరు తెరిచింది. పళ్ళు ఎగిరాయి.

"పళ్ళు లేకుండానే చెప్పమ్మా, పర్లేదు" అన్నాడు ప్రభుత్వ ప్లీడరు.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఓనరు తరఫు ప్లీడరు లేచాడు. నల్ల కళ్ళద్దాల పెద్దమనిషి. "ఆవిడ బోసినోటితో ఏదో అంటుంది, మనం నలుగురం నాలుగు రకాలుగా వింటాం. సాక్ష్యం అంటే గాలివాటం కాదు కదండీ" అన్నాడు. జడ్జిగారు విసుక్కుని, పళ్ళు బాగుచేయించుకుని రమ్మని, విచారణను వానలు వెనకబట్టేదాకా వాయిదా వేశారు.

బయట మెట్ల దగ్గర మాస్టర్ భార్య మాకు అడ్డం వచ్చింది. సన్నగా, గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది ఆవిడ. గొంతు మాత్రం గట్టిది.

"భలే టైముకి జారాయమ్మా పళ్ళు!" అంది అత్తగారితో. "నా మొగుడు హంతకుడని బజార్లో ప్రతివాడూ అంటున్నాడు. నా పిల్లల్ని బళ్ళో అంటున్నారు. మీ పళ్ళు మాత్రం ఆ ఒక్క ప్రశ్నకే జారాలా?"

"నోరు అదుపులో పెట్టుకో. ముసలావిడ. పళ్ళు జారితే ఆవిడ తప్పా?" అన్నాను నేను.

"నేనేం గుమ్మడికాయల దొంగ అన్నానా? మీరెందుకు భుజాలు తడుముకుంటారు?"

అత్తగారు ఏమీ అనలేదు. అనడానికి నోట్లో పళ్ళు లేవు. రుమాలులో ఉన్నాయి, మా ఆయన జేబులో.

* * *

తొలి వాన పడిన రోజున అత్తగారు గొడుగు తీసుకుని, "పద అమ్మాయ్, పళ్ళ డాక్టరు దగ్గరికి" అంది.

ఆస్పత్రి రెండు గదులది. డాక్టరమ్మ నాకంటే చిన్నది. అత్తగారి దవడను వేలితో తడిమి చూసి తల ఊపింది.

"పై సెట్టుకి బాధ లేదమ్మా, అంగిలికి అతుక్కుని ఉంటుంది. కిందిదే సమస్య. పళ్ళు తీయించుకుని చాలా ఏళ్ళయింది కదా, ఎముక అరిగిపోయింది. సెట్టు కూర్చోడానికి గట్టే లేదు. ఎన్నిసార్లు కొత్తది చేయించినా నీళ్ళలో పడవలా ఊగుతూనే ఉంటుంది."

"మరి దారి?"

"ముందువైపు ఎముకలో రెండు ఇంప్లాంట్లు పెడదాం. అంటే చిన్న టైటానియం స్క్రూలు. వాటి మీద గుండీలు, సెట్టు లోపల రింగులు. ప్రెస్ బటన్ తెలుసుగా? నొక్కితే టక్కున పట్టుకుంటుంది. రోజూ తీసి కడుక్కోవచ్చు, కానీ దానంతటది ఊడదు."

అత్తగారి కళ్ళు మెరిశాయి. "ప్రెస్ బటన్లు నాకు నేర్పకమ్మా. నా చేతి మీదుగా పోయిన బటన్లన్ని వెంట్రుకలు నీ తలమీద లేవు. ఒక్కటి వదులుగా ఉన్నా గౌను వెనక్కి విసిరికొట్టేదాన్ని."

డాక్టరమ్మ నవ్వింది. "అయితే మీరే చెక్ చేసుకోండి. కాకపోతే ఓపిక పట్టాలి. ఎముక పెరిగి స్క్రూని పట్టుకోవాలి. ఈ వానాకాలమంతా పడుతుంది. అందాకా వాటి మీద బరువు పడకూడదు. సెట్టు లోపల ఆ రెండు చోట్లా తొలిచి మెత్తటి పూత వేసిస్తాను. గట్టివి కొరకొద్దు. ఎముక పట్టకముందే ఒత్తిడి పడిందా, స్క్రూ వదులైపోతుంది. ఇక తీసెయ్యడమే."

"పట్టాక ఇంక జారదుగా?"

"మీరే లాగితే తప్ప."

"నాలుకతో తోసినా?"

"నాలుకతో తోసినా జారదమ్మా" అంది డాక్టరమ్మ, ముసలివాళ్ళ ప్రశ్నలకు అలవాటుపడిన మనిషిలా.

నాకు మాత్రం ఆ ప్రశ్న పంటి కింద రాయిలా తగిలింది. తన పళ్ళను తన నాలుకతో తోసుకునేవాళ్ళు ఎవరుంటారు?

ఇంటికొచ్చి చెబితే మా ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

"ఈ వయసులో ఎముకలు తొలిపించుకుంటావా అమ్మా? నీకసలే షుగరుంది. ఏదైనా అయితే?"

"షుగరు అదుపులోనే ఉందట. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి మరీ చెప్పింది."

"పళ్ళకి రాసుకునే జిగురు దొరుకుతుంది. అది రాసుకో. ఒక్క పూట కోర్టు కోసం ఇంత రాద్ధాంతమా?"

"కోర్టు కోసమని ఎవరన్నార్రా? నాకు తినడానికి. ఇన్నాళ్ళూ మింగుతున్నానే గానీ నమలట్లేదు" అంది అత్తగారు శాంతంగా.

తల్లీ కొడుకూ ఒకరినొకరు చూసుకున్నారు. మధ్యలో నేను గరిట పట్టుకుని నిలబడ్డాను. నేను మందుల షాపులో పనిచేస్తాను. ఒక మందు కోసం వచ్చి ఇంకో మందు పేరు అడిగేవాళ్ళను రోజూ చూస్తాను. వాళ్ళిద్దరి చూపులూ అచ్చం అలాగే ఉన్నాయి.

* * *

స్క్రూలు పెట్టడం అనుకున్నంత కష్టం కాలేదు. మొద్దుబారే సూదులు, గంటలోపు పని. అత్తగారు బుగ్గ వాచి, మంచు ముక్కల సంచీ అదుముకుని, విజయం సాధించిన మల్లయోధుడిలా రిక్షా దిగింది. అప్పటి నుంచి ఆవిడ తిండి రొట్టె, పాలు, మెత్తగా ఉడికించిన కూరలు. రోజూ పడుకునే ముందు సెట్టు తీసి నీళ్ళ గిన్నెలో వేసి, వాష్‌బేసిన్ పైన అరలో పెట్టేది. పొద్దున్నే మా ఆయన అక్కడే గడ్డం గీసుకునేవాడు. మా పాప అక్కడే పళ్ళు తోముకుంటూ, "బామ్మ నోరు గిన్నెలో నవ్వుతోంది" అనేది.

ఆ వారమే ఓనరు ఊరికి ఆ చివర కొత్త షెడ్డు తీసుకుని కంపెనీ మళ్ళీ మొదలుపెట్టాడు. మొట్టమొదట కబురందింది మా ఆయనకే. పాత కంపెనీలో పనిచేసిన ఆడవాళ్ళలో ఒక్కరికీ అప్పటికి పిలుపు రాలేదు. సాయంత్రాలు ఓనరు కారు మా వీధి మొగలో ఆగేది. మా ఆయన దిగి, కారు వెళ్ళిపోయేదాకా నిలబడి, అప్పుడు ఇంటికొచ్చేవాడు. ఒకరోజు చేతిలో పండ్ల బుట్టతో వచ్చాడు.

"ఓనరుగారు అమ్మకి పంపారు. త్వరగా కోలుకోవాలని."

బుట్టలో పచ్చి జామకాయలు, పెంకు తీయని బాదంకాయలు.

అత్తగారు ఒక బాదంకాయ తీసి వెలుతురుకి పట్టి చూసింది. "నోట్లో పళ్ళు లేనిదానికి బాదంకాయలా! నీ ఓనరుకి నా మీద ఎంత ప్రేమరా." తర్వాత నా వైపు తిరిగి, "బుట్ట బాగుంది, ఉల్లిపాయలకి పనికొస్తుంది" అంది.

నేను నవ్వాను. నాతోపాటు ఎవరూ నవ్వలేదు.

అప్పటి నుంచే నా లోపల పురుగు తొలవడం మొదలైంది. ఓనరు ఈవిడ నోరు మూయించాలని చూస్తున్నాడు, అది చిన్నపిల్లకైనా తెలుస్తుంది. మరి మా ఇంట్లో సంగతులు అతనికి చేరవేస్తున్నది ఎవరు? ఈవిడ గట్టివి తినకూడదని అతనికెలా తెలుసు? ఇంట్లో ఉన్నది నలుగురం. అందులో ఒకతి రెండో క్లాసు చదువుతోంది.

* * *

ముసురు పట్టిన రోజుల్లో అత్తగారికి నొప్పి మొదలైంది. పంటి బిగువున ఓర్చుకుందామంటే పళ్ళే లేవు కదా, చెంపకు చెయ్యి ఆనించుకుని కిటికీ దగ్గర కూర్చునేది.

"డాక్టరమ్మని అడుగుదాం అత్తయ్యా."

"ఎముక పడుతున్నట్టుంది. నొప్పి ఉంటుందని ముందే చెప్పింది కదా."

ఆ పొద్దున వాష్‌బేసిన్ కడుగుతుంటే అంచు మీద గులాబీరంగు పొట్టు కనిపించింది. రబ్బరుతో చెరిపినప్పుడు రాలే నలకల్లా, మెత్తగా. పాపను పిలిచాను.

"ఇక్కడ కూర్చుని రబ్బరు గీకుతున్నావా? నీళ్ళు పోవడం లేదంటే ఇదన్నమాట!"

"నా రబ్బరు తెల్లదమ్మా" అంది పాప, సంచీలోంచి తీసి చూపించి. "అబద్ధమైతే వాసన చూడు."

వాసన చూడలేదు. ఆ పొట్టును కాగితంలో చుట్టి దాచాను. ఎందుకు దాచానో అప్పటికి నాకే తెలియదు.

తర్వాతి పరీక్షలో డాక్టరమ్మ అద్దం లోపల పెట్టి చూస్తూ ఒక్కసారిగా ఆగిపోయింది. ఎడమవైపు స్క్రూని పట్టకారుతో మెల్లగా తట్టింది. అది కదిలింది. సెట్టు తిప్పి లోపల చూసింది.

"ఈ పూత ఏమైంది? నేను వేసింది ఇంత మందాన ఉండాలి. ఎడమపక్క మొత్తం చెక్కేసినట్టుంది. కుడివైపూ కాస్త పోయింది. గట్టి ప్లాస్టిక్కు నేరుగా స్క్రూ మీద నొక్కుతోంది. ఎవరు చేశారిది?"



"నేనే" అంది అత్తగారు. "గుచ్చుకుంటుంటే కత్తెర మొనతో గీక్కున్నాను."

"అయ్యో, నాతో ఒక్కమాట చెప్పకుండానా! మొదట్లోనే చెప్పాను కదమ్మా!"

"బుద్ధి గడ్డి తింది."

ఎడమ స్క్రూ తీసెయ్యక తప్పలేదు. కుడిది గట్టిగానే ఉందని, పూత మళ్ళీ వేస్తానని, ఇంకోసారి ఇలా చేస్తే తనని చూడటానికి రావద్దని కేకలేసింది డాక్టరమ్మ. అత్తగారు తిట్లన్నీ తలవంచుకుని తిన్నది.

దారంతా ఆవిడతో మాట్లాడలేదు. గొడుగు కింద ఇద్దరం, భుజం భుజం రాసుకుంటూ, కానీ మధ్యలో ఒక వీధంత దూరం. మాస్టర్ భార్య అన్న మాట చెవిలో మోగుతోంది. భలే టైముకి జారాయమ్మా పళ్ళు. నాలుకతో తోసినా జారదా అని ఈవిడ ఎందుకడిగింది? సాక్ష్యం చెప్పడం ఇష్టంలేక ఈవిడే ఈ నాటకం ఆడుతోందా? ఊరికి చూపించడానికి స్క్రూలు పెట్టించుకుని, లోపల్లోపల వాటిని తనే చంపుకుంటోందా? ఓనరు బుట్ట చూసి వేసిన జోకు కూడా ఆ నాటకంలో భాగమేనా?

ఇల్లు చేరగానే ఆవిడ చెకింగ్ కత్తెర కోసం చూశాను. బట్టల కంపెనీలో ప్రతివాళ్ళ దగ్గరా ఉంటుంది ఒకటి, దారాలు తుంచే చిన్న కత్తెర, అరచేతిలో ఇమిడిపోతుంది. ఆవిడది తలుపు వెనక మేకుకు ఎర్ర దారంతో వేలాడుతోంది. తీసి చూశాను. మంటల రోజు నుంచి ఎవరూ ముట్టుకోలేదు. తుప్పు పట్టి నోరు అతుక్కుపోయి ఉంది. నా బలమంతా పెట్టినా తెరుచుకోలేదు.

ఈ ఇంట్లో ఇంకో కత్తెర ఉంది. అది మా ఆయన చొక్కా జేబులో ఉంటుంది.

మర్నాడు ఉతకడానికి చొక్కాలు తీసినప్పుడు చూశాను. శుభ్రంగా నూనె పెట్టి ఉంది. రెండు రెక్కలూ కలిసే చోట, మూలలో, గులాబీరంగు నలక ఒకటి ఇరుక్కుని ఉంది.

* * *

అత్తగారు వంటింట్లో కింద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. కాగితం పొట్లం విప్పి ఆవిడ ముందు పెట్టాను. పక్కన ఆ కత్తెర పెట్టాను.

ఆవిడ రెండూ చూసింది. చేతిలో ఉన్న కాయ ఒలవడం పూర్తి చేసింది.

"ఆ చొక్కా ఉతికెయ్ అమ్మాయ్. వాన తగ్గేట్టు లేదు, పొయ్యి దగ్గర ఆరెయ్యి."

"మీకు తెలుసా?"

"బట్టలో కుట్టు తప్పితే ఎవరి చెయ్యో చెప్పేదాన్ని, నా కొడుకు చెయ్యి నాకు తెలీదా? వాడిది ఎడమచెయ్యి వాటం. ఎటునుంచి గీశాడో సెట్టు చూడగానే తెలిసింది."

"తెలిసీ అదే పెట్టుకున్నారా? నొప్పి ఓర్చుకుంటూ?"

"ఆపుతాడేమోనని చూశాను."

ఆవిడ పక్కన చతికిలబడ్డాను. "ఎందుకు అత్తయ్యా? ఓనరు అంటే అంత భయమా ఆయనకి?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. చంటిపిల్లకి నిప్పంటే ఏమిటో చెప్పబోయే ముందు చూసినట్టు.

"తాళం ఎవరు వేశారనుకుంటున్నావు?"

బయట చూరు నీళ్ళు బకెట్లో పడుతున్నాయి. బకెట్టు నిండి పొర్లుతోంది.

"సరుకు పంపే గడువు దగ్గర పడింది. ఒక్కతి కూడా మధ్యలో కిందికి దిగకూడదు, తాళం వెయ్యరా అన్నాడు ఓనరు. నా బల్ల పక్కనే నిలబడి అన్నాడు. వీడు గుత్తి తీసుకుని నా ముందు నుంచే మెట్లెక్కాడు. మాస్టరు అటువైపే రాలేదు."

"మరి కోర్టులో..."

"పళ్ళు జారలేదే పిచ్చిదానా. నాలుకతో తోశాను."

ఇంకో కాయ తీసుకుంది. గింజలు గిన్నెలో రాలాయి.

"చెబుదామనే వెళ్ళాను. బోనులో నిలబడేసరికి ఎదురుగా వాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలించుకుని వస్తే ఎలా చూసేవాడో అలా చూస్తున్నాడు. నోరు నా మాట వినలేదు. ఆ మాస్టరు పెళ్ళాం మెట్ల దగ్గర నన్ను అంది చూడు, ఒక్క ముక్క అబద్ధం లేదు." చెంప తడుముకుంది. "పళ్ళు వదులుగా ఉన్నంతకాలం నేను మళ్ళీ అదే పని చేస్తాను. నా సంగతి నాకు తెలుసు. అందుకే బిగించమన్నాను."

"డాక్టరమ్మతో మీరే గీక్కున్నానని..."

"మరేం చెప్పమంటావు? నా కొడుకని చెప్పనా? అది ఒక్కచోట చెబితే చాలు."

నాకు ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. ఆ కత్తెర తీసుకెళ్ళి నలక తుడిచి, చొక్కా జేబులో తిరిగి పెట్టాను. ఆ రోజు నుంచి పళ్ళ గిన్నె వాష్‌బేసిన్ అరలో లేదు. నా కుట్టు డబ్బాలో ఉంది. మొదటి పొద్దున మా ఆయన గడ్డానికి నురగ రాసుకుని ఖాళీ అర వైపు చాలాసేపు చూశాడు. గిన్నె ఏదని అడగలేదు. నేనూ చెప్పలేదు. ముగ్గురం ఒకే కప్పు కింద, ఉప్పు అందించుకుంటూ, ఒకరినొకరం కనిపెట్టుకుంటూ ఆ వానలు వెళ్ళదీశాం.

* * *

విచారణకు ముందు డాక్టరమ్మ మిగిలిన ఒక్క స్క్రూకి గుండీ బిగించింది. సెట్టు లోపల దానికి సరిపడా రింగు అమర్చింది. చిన్న నైలాన్ రింగు, గోటితో పెకలిస్తే వచ్చేంత.

"రెండుంటే రాయిలా నిలిచేది. ఒక్కదానితో కాస్త ఊగుతుందమ్మా. కానీ ఊడదు. ఎడమవైపు ఎముక మానాక మళ్ళీ పెడదాం" అంది.

అత్తగారు నొక్కి చూసుకుంది. టక్. నాలుకతో తోసింది. మళ్ళీ తోసింది. నా వైపు చూసి తల ఊపింది. కంపెనీలో సరుకు పాసైనప్పుడు అలాగే ఊపేదట.

విచారణ రోజు పొద్దున ఆకాశం తేటగా ఉంది. సెట్టు కడగడానికి పెరట్లో కుళాయి దగ్గరికి తీసుకెళ్ళాను. వెనక అడుగుల చప్పుడు. మా ఆయన. చాన్నాళ్ళకి నన్ను కళ్ళలోకి చూశాడు.

"అంతా తెలుసు కదా నీకు."

"తెలుసు."

"ఆ రింగు ఒక్కటి తీసెయ్. ఇంకేం అడగను. మళ్ళీ వాయిదా పడుతుంది. ఈలోగా ఓనరు ఎలాగో సర్దుకుంటాడు. పాప మొహం చూసి తీసెయ్."

సెట్టు నా అరచేతిలో తడిగా ఉంది. రింగు బొటనవేలి గోటికి సరిగ్గా ఎదురుగా ఉంది.

"మాస్టరుకి కూడా పిల్లలున్నారండీ."

"నేను చంపాలని వేశానా? వెయ్యమన్నాడు, వేశాను. రోజూ వేసేదే. పొగ చూడగానే వెనక మెట్లెక్కి పరిగెత్తాను, తెలుసా? లోపల నుంచి తలుపు బాదుతున్నారు. చేతిలో గుత్తి ఉంది. ఏ చెవి ఏ తాళానిదో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. ఆ రోజు ఒక్కటీ గుర్తు రాలేదు. ఒకదాని తర్వాత ఒకటి పెడుతున్నాను, పెడుతున్నాను..." చెయ్యి చాచి కుళాయి కట్టేశాడు. "బాదడం ఆగిపోయింది."

ఇంతకాలం పక్కన పడుకున్న మనిషి ఆ చప్పుడు వింటూ పడుకున్నాడని నాకు తెలియదు. ఆయన భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది. చేతిలో పళ్ళున్నాయి.

"ఈ మాటే అక్కడ చెప్పండి" అన్నాను. "మీరే ముందు చెబితే ఆవిడ చెప్పక్కర్లేదు."

లోపల నుంచి అత్తగారు పిలిచింది. "ఏమే, నా పళ్ళు కడుగుతున్నావా, కొత్తవి మొలిపిస్తున్నావా?"

తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ నా ముందే తిప్పి, లోపల రింగు ఉందో లేదో చూసుకుంది. నాకు బాధ కలగలేదు. నేనైనా చూసుకునేదాన్ని.

టక్.

* * *

"ఈసారి పళ్ళు భద్రంగా ఉన్నాయా అమ్మా? బల్ల కింద వెతికే ఓపిక మాకు లేదు" అన్నాడు నల్ల కళ్ళద్దాల ప్లీడరు. మళ్ళీ నవ్వులు.

"చూసుకో నాయనా, కావాలంటే లాగి చూడు" అంది అత్తగారు. ఈసారి నవ్వులు ఆవిడ వైపుకి వచ్చాయి. అతను కూర్చున్నాడు.

ప్రభుత్వ ప్లీడరు అదే ప్రశ్న అడిగాడు.

ఆవిడ ఎదురుగా చూసింది. నా పక్కన మా ఆయన వేళ్ళు బెంచీ అంచును పట్టుకున్నాయి. ఆవిడ దవడ ఒక్కసారి కదిలింది. నాలుక లోపల ఎడమ చెంప వైపు పొడుచుకువచ్చింది. తోస్తోంది. ఆ ఖాళీ వైపు నుంచి తోస్తోంది. సెట్టు కాస్త లేచింది. మళ్ళీ కూర్చుంది. ఊడలేదు.

"తాళం వెయ్యమన్నది ఓనరు" అంది అత్తగారు. ప్రతి అక్షరం విడివిడిగా, ఇస్త్రీ చేసినట్టు వచ్చింది. "వేసింది నా కొడుకు. మాస్టరు ఆ మెట్ల వైపే రాలేదు."

ఎవరూ నవ్వలేదు. జడ్జిగారు కలం ఆపి, "మళ్ళీ ఒకసారి చెప్పండమ్మా" అన్నారు.

ఆవిడ చెప్పకముందే మా ఆయన లేచి నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. "నేనే వేశానండీ" అన్నాడు. "మాస్టరుకి తాళంచెవి ఇవ్వలేదు. నేను అబద్ధం చెప్పాను."

వెనక బెంచీలో మాస్టర్ భార్య మొహం రెండు చేతుల్లో దాచుకుంది. ఓనరు తన ప్లీడరు చెవిలో ఏదో చెబుతున్నాడు. ఆ ప్లీడరు మాత్రం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు, వినిపించనట్టు.

మా ఆయన్ని ఆ సాయంత్రం ఇంటికి పంపలేదు. తీసుకెళ్ళబోయే ముందు జేబులోంచి ఆ చిన్న కత్తెర తీసి నా చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చాక అత్తగారు దీపం వెయ్యకుండా మంచం మీద కూర్చుంది. చాలాసేపు నోట్లో వేళ్ళు పెట్టుకుని పెనుగులాడింది.

"తియ్యవే అమ్మాయ్. నా వల్ల కావట్లేదు."

ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. బొటనవేళ్ళు రెండు పక్కలా పెట్టి పైకి ఎత్తాను. అంత తేలిగ్గా రాలేదు. రెండోసారికి టక్కుమని విడిచింది. ఆ చప్పుడుకు ఆవిడ కళ్ళు మూసుకుంది. బుగ్గలు లోపలికి పోయి, ఒక్కసారిగా బాగా ముసలిదైపోయింది. అప్పుడు ఏడ్చింది.

సెట్టు గిన్నెలో వేసి, వాష్‌బేసిన్ పైన దాని పాత చోట పెట్టాను. ఇక దాచాల్సిన పని లేదు.

తిరిగొచ్చేసరికి ఆవిడ ఎడమ చెంపను వేలితో నొక్కి చూసుకుంటోంది, స్క్రూ పోయిన చోట.

"ఎల్లుండి వెళ్దాం అత్తయ్యా. ఆ పక్కది కూడా పెట్టించేద్దాం."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. బోసినోటితో, మెల్లగా అంది.

"ఉండనీ. వాడొచ్చాక. వాడే తీసుకెళ్తాడు."